మీట మీద సిందూరం

పైడమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా నారింజ రంగు అక్షరాలను మాత్రం గది ఆ చివర నుంచి కూడా గుర్తుపట్టేది. నల్లటి తెర మీద అవి వచ్చాయంటే కంప్యూటరు తన పనులన్నీ సర్దుకుందని, ఇక మీట నొక్కి ఆపేయవచ్చని ఆమెకు చెప్పి ఉంచారు. టాటానగర్‌లో మేముండే పేట బిర్సానగర్‌లో ఒక మిఠాయి కొట్టు పైన, మేడ మీది గదుల్లో ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. రెండువేల సంవత్సరం వచ్చిన రోజులవి, వీధికొకటి వెలిసింది అలాంటిది. పొద్దున్నే ఆ గదులు ఊడ్చి, కుండలో మంచినీళ్ళు పోసి, సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఒక్కొక్క మెషీను దగ్గరికీ వెళ్ళి, ఆ అక్షరాలు చూసి, మీట నొక్కి, తొడుగు కప్పి రావడం పైడమ్మ పని.

“మెషీన్లని పడుకోబెట్టి వత్తన్నాను జానకమ్మా” అనేది నాతో వీధి కుళాయి దగ్గర. కలెక్టరుగారు కచేరీ ముగించుకుని వస్తున్నట్టుండేది ఆ నడక.

జానకమ్మ అంటే నేనే. వాళ్ళ గోడా మా గోడా ఒకటే. జాకెట్లు కుడతాను, నోరు కాస్త పెద్దది. పైడమ్మ సంగతి నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు కనుక చెబుతున్నాను. ఇందులో నవ్వుకోవడానికి కొంచెం ఉంది గానీ సంతోషించడానికి ఏమీ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

ఆమెది శ్రీకాకుళం అవతల ఒక పల్లె. పెళ్ళయ్యాక మొగుడు అసిరయ్య వెనకాల రైలెక్కి టాటానగర్‌లో దిగింది. అసిరయ్య ఉక్కు కార్ఖానా యార్డులో ఒక కాంట్రాక్టరు కింద ఖలాసీ, క్రేను కొక్కేనికి గొలుసులు తగిలించేవాడు. పైడమ్మ అదే యార్డులో రేజా. తట్ట మోసే ఆడకూలీని ఇక్కడ రేజా అంటారు. కొలిమి నుంచి వచ్చిన చిట్టెం, అంటే ఇనుప మడ్డి, చల్లారాక దాన్ని పగలగొట్టి, తట్టలకెత్తి, లారీల్లో పోయాలి. చల్లారడమనేది పేరుకే. చెప్పుల కింద టైరు ముక్క కట్టుకోకపోతే అరికాళ్ళు బొబ్బలెక్కేవి. ఆ యార్డులో రేజాలంతా మనవైపు వాళ్ళే, తిట్లూ పాటలూ అన్నీ మన భాషలోనే.

ఈ టాటానగర్‌లో ఏ పండగకి ఏ మెషీను ఆగినా ఆగకపోయినా విశ్వకర్మ పూజకి మాత్రం అన్నీ ఆగుతాయి. సెప్టెంబరులో ఆ రోజున లేతు దగ్గర్నుంచి లారీ దాకా కడిగి, దండ వేసి, సిందూరం పెట్టి, బూందీ పంచుతారు. పైడమ్మ వాళ్ళ యార్డులో ముసలి క్రేను డ్రైవరు ఒకాయన ఉండేవాడట. సిందూరాన్ని నూనెతో ముద్దగా కలిపి, క్రేను నుదుటి మీద కాకుండా, చెయ్యి పట్టుకునే లివరు మీదా గొలుసు తగిలించే కొక్కెం మీదా రుద్దేవాడు. ఎక్కడ మనిషి చెయ్యి పడుతుందో అక్కడే దేవుడు ఉండాలి, మిగతాచోట్ల ఉన్నా లేకపోయినా ఒకటే అనేవాడట. ఆయన రిటైరైన ఏడాది కొత్తవాడు వచ్చి, క్రేను అద్దం మీద ఒక బొట్టు పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. ఆ దసరా రాకముందే గొలుసు తెగి అసిరయ్య మీద పడింది.

గొలుసు ఎప్పుడో తుప్పు పట్టిపోయిందని అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. నేను ఆ మాట అంటే పైడమ్మ ఒప్పుకునేది కాదు. “తుప్పు అంతకు ముందేడూ ఉన్నాది గదమ్మా. కొక్కేనికి బొట్టు ఉన్నన్నాళ్ళూ ఏటీ అవనేదు” అనేది. మనిషి పోయినవాళ్ళతో ఎంతసేపని వాదిస్తాం?

అప్పటికి కూతురు పద్మకుమారి చిన్నపిల్ల. ఆ పిల్లను హిందీ బడిలో వేసి, పైడమ్మ ఇంకా కొన్నేళ్ళు తట్ట మోసింది. మోకాళ్ళు అరిగిపోయి, కూర్చుంటే లేవలేని స్థితి వచ్చాక యార్డువాళ్ళు ఇక రావద్దన్నారు. అప్పుడే ఈ సెంటరులో ఊడ్చే పని దొరికింది.

పద్మకి తల్లి ఏది అడిగినా జవాబు హిందీలోనే వచ్చేది. తల్లి “కూడు తిన్నావేటే?” అంటే పిల్ల “ఖా లియా మా” అనేది. నేను ఎగతాళి చేసేదాన్ని, నీ కడుపున బిహారీ పిల్ల పుట్టిందే అని. పైడమ్మ నొచ్చుకునేది కాదు సరికదా మురిసిపోయేది.

“మన మాట తట్ట మోసే మాట జానకమ్మా. కుర్సీల మీద కూకునేవోలు ఇందీయే మాటాడతారు. దాన్నలగే ఉండనీ.”

కూతుర్ని కుర్చీ మీద కూర్చోబెట్టాలి. ఆ ఒక్క కోరికే ఆమెకి ఉండేది. పైన ఫ్యాను తిరుగుతూ ఉండాలి, కాళ్ళ కింద సిమెంటు గచ్చు ఉండాలి, నెత్తి మీద ఏమీ ఉండకూడదు. ఇంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు, నాకు తెలుసు.

సెంటరు యజమాని రఘువీర్. మనవాడే. తండ్రి పెద్ద ఇంజనీరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఇంగ్లీషు. మనిషి చెడ్డవాడు కాదు. నాకు ఇష్టం లేకపోయినా ఆ మాట చెప్పాలి. పద్మ పదో తరగతి పాసైందని విని, “పైడమ్మా, మీ అమ్మాయిని పంపించు. ఆ మూల మెషీను మీద నేర్చుకుంటుంది. ఫీజు వద్దులే” అన్నాడు. అంతేకాదు, గోవింద్‌పూర్‌లో తనకి తెలిసిన లారీ కాంట్రాక్టరు ఆఫీసులో గేటు పాసులు టైపు చేసే అమ్మాయి కావాలని, కోర్సు ముగిసి సర్టిఫికెట్ చేతికి రాగానే పద్మ పేరు చెబుతానని కూడా అన్నాడు. ఆ రోజు పైడమ్మ నీళ్ళ బిందె కుళాయి దగ్గరే మరిచిపోయి ఇంటికి పోయింది. నేనే మోసుకొచ్చాను.

మూల మెషీను అన్నిటికంటే పాతది. ముసలివాళ్ళలా కాసేపు గొణిగి గానీ లేచేది కాదు, గొణిగి గానీ పడుకునేది కాదు. దాని మీట నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది, మెషీను నడుస్తుంది. మళ్ళీ నొక్కితే టక్కుమని బయటికొస్తుంది, మెషీను ఆగుతుంది. పద్మ సాయంత్రం పాఠం అయ్యాక తెర మీద ఏవో నొక్కి వెళ్ళిపోయేది. నారింజ అక్షరాలు వచ్చాక మీట నొక్కడం తల్లి వంతు. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి చేసిన పని ఇదొక్కటేనేమో.

ఆ గదికి నియమాలుండేవి. చెప్పులు మెట్ల దగ్గరే వదలాలి. మెషీనుకి తడిగుడ్డ తగలకూడదు. నడుస్తున్న మెషీను వైరు గోడలోంచి ఎప్పుడూ లాగకూడదు, లోపల ఉన్నదంతా పోతుంది. పైడమ్మ ఇవన్నీ గుడిలో నియమాల్లాగే పాటించేది. నిజానికి గుడిలో కంటే ఎక్కువ శ్రద్ధగా పాటించేది.

ఆ సెప్టెంబరులో సెంటరులోనూ విశ్వకర్మ పూజ చేశారు. పంతులుగారు వచ్చి, ఒక్కొక్క తెర నెత్తిన ఒక బొట్టు పెట్టి, బూందీ పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో రఘువీర్ పొడిగుడ్డ తీసుకుని ఆ బొట్లన్నీ తుడిచేశాడు, మరకలు పడతాయని. పైడమ్మ చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చి నాతో చెప్పింది. “నెత్తిన ఎట్టినారమ్మా. నెత్తిన ఎవులు సెయ్యేత్తారు? మా పద్మ, నా గుంట ఏలు పడేది మీట మీద. అదీ తుడిచేసినారు.”

“తుడిస్తే తుడిచారు. కంప్యూటరేమైనా క్రేనా, గొలుసు తెగి మీద పడటానికి?” అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. నా మాట నచ్చనప్పుడు ఆమె అలాగే వెళ్ళిపోయేది. ఆమె మనసులో ఏముందో ఆ రోజు నాకు తట్టలేదు. తరువాత ఆమె తనే చెప్పింది, ఏడుస్తూ.

ఆ పూజ తరువాత వచ్చిన మంగళవారం నుంచి మొదలుపెట్టిందట. ఇంటి దగ్గర సిందూరాన్ని కొబ్బరినూనెతో ముద్ద చేసి, తమలపాకులో చుట్టి, రొంటిని దోపుకుని వెళ్ళేది. అందరూ వెళ్ళిపోయాక మిగతా మెషీన్లన్నీ పడుకోబెట్టి, చివరికి మూల మెషీను ముందు నిలబడి, దండం పెట్టి, మీటకి బొట్టు పెట్టేది. పైకి కనిపిస్తే రఘువీర్ బాబు తుడిచేస్తాడు. అందుకని వేలితో నొక్కి, నొక్కి, మీట చుట్టూ ఉన్న సందులోకి ముద్దనంతా పంపించి, పైన పమిట చెంగుతో శుభ్రంగా తుడిచేది. బయటికి మచ్చ కూడా ఉండేది కాదు. దేవుడు లోపల భద్రంగా ఉన్నాడనుకునేది. ఇలా ప్రతి మంగళవారం, చలికాలం గడిచేదాకా.

దేవుణ్ణి మీట సందులో దాచిపెట్టాలన్న ఆలోచన ఇంకే ఊరివాళ్ళకైనా వస్తుందా? ఈ ఊళ్ళోనే, అందులోనూ ఆ యార్డులో తట్ట మోసినవాళ్ళకే వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఒక సాయంత్రం నారింజ అక్షరాలు వచ్చాయి, పైడమ్మ మీట నొక్కింది, మీట బయటికి రాలేదు. మళ్ళీ నొక్కింది. లోపల ఫ్యాను గుయ్యిమంటూనే ఉంది. గోటితో గీకితే ఎప్పటికో టక్కుమంది. మర్నాడు అలాగే అయింది. కొన్నాళ్ళకి గోటికీ లొంగడం మానేసింది. మెషీను పని ముగించుకుంది, తెర మీద అక్షరాలు ఆపమంటున్నాయి, ఆపడానికి దారి లేదు.

రఘువీర్‌తో చెప్పాలనుకుంది. చెబితే మెషీను పాడైందని కూతురి చదువు ఆగిపోతుందేమోనని భయం. చెప్పకుండా రాత్రంతా వదిలేస్తే కాలిపోతుందేమోనని ఇంకో భయం. కోర్సు ముగియడానికి ఇంక ఎన్నాళ్ళో లేదు. చివరికి ఎప్పుడూ చెయ్యకూడదన్న పనే చేసింది. కళ్ళు మూసుకుని, అసిరయ్యని తలుచుకుని, గోడలోంచి వైరు లాగేసింది. ఏమీ కాలేదు, ఫ్యాను ఆగిపోయింది. పొద్దున్నే ఊడ్చేటప్పుడు మళ్ళీ వైరు పెడితే, మీట లోపలికే ఉంది కాబట్టి, మెషీను దానంతటదే లేచి కూర్చుంది. తల్లే ముందుగా లేపి ఉంచుతోందని పద్మ అనుకుంది, ఎవరికీ తెలియలేదు. రోజూ అదే పని. దొంగతనం చేస్తున్నదానిలా చుట్టూ చూసుకునేదట.

అలా ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక సాయంత్రం రఘువీర్ స్కూటరు తాళం మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి పైడమ్మ మూలన వంగి వైరు లాగుతోంది.

“ఏం చేస్తున్నావు పైడమ్మా? వైరు ముట్టుకోవద్దని చెప్పానా లేదా?”

“మీట రాలేదు బాబూ. ఎంత నొక్కినా రాలేదు” అంది చేతులు జోడించి.

అతను నొక్కి చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. కోపం మాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చదువుకున్నవాడు కదా, మెషీను లోపం పెద్దదై ఉంటుందనుకున్నాడు. ఇప్పుడొచ్చే కొత్త మెషీన్లు మీట నొక్కనక్కర్లేకుండా వాటంతటవే ఆగిపోతాయని, దీనిలోనూ ఆ ఏర్పాటు ఎక్కడో ఉంటుందని ఆ సాయంత్రమంతా వెతికాడు. మర్నాడు విండోస్ మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించాడు. పిల్లల పనులన్నీ ఫ్లాపీల్లోకి ముందే ఎత్తి పెట్టాడులెండి, ఆ జాగ్రత్త ఉంది. ఇంత చేసి షట్‌డౌన్ కొడితే మళ్ళీ అవే నారింజ అక్షరాలు, మళ్ళీ అదే గుయ్యిమనడం. కాలికి ముల్లు గుచ్చుకుంటే తలకి కట్టు కట్టిన వైద్యం అది. పైడమ్మ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, బాబు ఇంత కష్టపడుతున్నాడంటే తన గుంట మీద ఎంత అభిమానమో అని కళ్ళు తుడుచుకుందట.

ఇక లాభం లేదని సాక్చీ బజారు నుంచి కౌశిక్ అనే మెకానిక్‌ని పిలిపించాడు. చిన్న వయసువాడే, జేబులో స్క్రూడ్రైవరు, నోట్లో గుట్కా. అతను వచ్చేసరికి మధ్యాహ్నం పాఠం నడుస్తోంది. పద్మ తన మెషీను పక్కనే బల్ల మీద కూర్చుని కాగితం చూసి ఏదో నేర్చుకుంటోంది. పైడమ్మ కుండలో నీళ్ళు పోస్తోంది.

కౌశిక్ విండోస్ జోలికే పోలేదు. మీటని రెండుసార్లు నొక్కి చూసి, వైరు తీసేసి, డబ్బా ముందు పలక ఊడబెరికాడు. మీటని వెలికి తీసి వెలుతురులో పట్టుకుని, “అరే భయ్యా, ఇదేంటి?” అన్నాడు.

మీట చుట్టూ ఎర్రటి జిగురు, గట్టిపడి, దుమ్ము పట్టి, అట్టకట్టి ఉంది. అతను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. “కొబ్బరినూనె. సిందూరం కలిపిన కొబ్బరినూనె. ఎవరో పనిగట్టుకుని లోపలికి కూరారు. స్ప్రింగు పట్టేసింది, ఇంకెలా వస్తుంది బయటికి?”

గదిలో పిల్లలు కొందరు కిసుక్కుమన్నారు. రఘువీర్ నవ్వలేదు.

“నవ్వే సంగతి కాదు” అన్నాడు కౌశిక్. “ఈ పాత మోడళ్ళలో గోడ కరెంటు నేరుగా ఈ మీట దాకా వస్తుంది. ఈ ముద్ద తడిగా ఇంకాస్త లోపలికి దిగితే షార్టయ్యేది. మీట నొక్కిన పిల్ల చెయ్యి అక్కడే అంటుకుపోయేది.”

పైడమ్మ చేతిలో బిందె వంగి అలాగే ఉండిపోయింది. నీళ్ళు కుండ నిండి, పొర్లి, గచ్చు మీద పారుతున్నాయి. మీట నొక్కిన పిల్ల. మీట పట్టేసేదాకా ఆ మెషీనుని రోజూ నొక్కి లేపింది పద్మే కదా. కూతురి వేలు కిందికి తనే కరెంటుని తోసింది, వారం వారం, దండం పెట్టి మరీ. ఆ క్షణంలో తనకి ఇంకేమీ వినబడలేదని చెప్పింది నాతో.

“ఎవరు చేశారిది?” రఘువీర్ అడిగాడు. గొంతు పెంచలేదు. “నాకు పేరు కావాలి.”

పైడమ్మ నోరు తెరవబోయింది. ఆలోగా బల్ల దగ్గర పద్మ లేచి నిలబడింది.

“మైనే లగాయా సర్” అంది. నేనే పెట్టాను అని.

ఆ పిల్లకి ఎలా తెలిసిందంటారా? ఆ కొబ్బరినూనె వాసన వాళ్ళ ఇంట్లో సీసాది. ఆ సిందూరం వాళ్ళ గూట్లోది. చిన్నప్పటి నుంచీ తల్లి నోటివెంట లివరు కథ, కొక్కెం కథ వింటూ పెరిగిన పిల్ల. ఆ ఎర్రముద్ద చూడగానే తెలిసిపోయి ఉంటుంది.

“కాదు బాబూ! దానికేటీ తెల్దు. నానే ఎట్టినాను. నా మీదొట్టు బాబూ, ఈ సేత్తోనే ఎట్టినాను” అంటూ పైడమ్మ అతని కాళ్ళ మీద పడింది.

రఘువీర్ వెనక్కి జరిగాడు. “లే పైడమ్మా, లే. కన్నతల్లివి, నువ్వు అలాగే అంటావు. నాకు తెలుసులే” అన్నాడు. తరువాత పద్మ వైపు తిరిగి, “కంప్యూటర్ చదివే పిల్లవి, నీకిదేం బుద్ధి? రేపు ఇంకో మెషీనుకి పూస్తే? గది తగలబడితే? ఇక రేపటి నుంచి రావద్దు” అన్నాడు.

నిజం చెప్పిన తల్లిని నమ్మలేదు, అబద్ధం చెప్పిన కూతుర్ని నమ్మాడు. పైడమ్మ ఎన్నిసార్లు చెప్పినా, చెప్పినకొద్దీ అతనికి అది కన్నప్రేమలాగే కనిపించింది. పైగా తల్లి మనసుని అర్థం చేసుకున్నానన్న తృప్తి ఒకటి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మర్నాడు నేను ఊరుకోలేక వెళ్ళాను. చెప్పులు మెట్ల దగ్గర వదలమన్నారు, వదిలాను. టీ ఇచ్చాడు, తాగాను. మర్యాదకి ఏం తక్కువ లేదు.

“ఆంటీ, మీరే చెప్పండి. ఫీజు కట్టి చదివే పిల్లలున్నారు. వాళ్ళలో ఎవరికైనా షాక్ కొడితే నేనేం జవాబు చెప్పాలి? పైడమ్మని నేను ఒక్క మాట అనలేదు. ఆవిడ పని ఆవిడకి ఎప్పటికీ ఉంటుంది” అన్నాడు.

“పని ఉండాల్సింది ఆవిడకి కాదు బాబూ, చదువు ఉండాల్సింది ఆ పిల్లకి. చేసింది నిజంగా తల్లే” అన్నాను.

అతను చిన్నగా నవ్వి, “మీరు కూడానా ఆంటీ” అన్నాడు. నేను మాట్లాడుతుండగానే మూల మెషీను ముందు కొత్తపిల్ల ఒకతె వచ్చి కూర్చుంది. మీట కొత్తది వేశారు, తెల్లగా మెరుస్తోంది. నేను లేచి వచ్చేశాను. ఇంకేం చెయ్యగలను?

పద్మని రావద్దన్న రాత్రి వాళ్ళ ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. గోడ అవతల పైడమ్మ గొంతు వినబడింది. “ఎందుకే అలగన్నావు? నా నోట్లో మట్టి ఎందుకు కొట్టినావే?”

“తుమ్హారా కామ్ చలా జాతా తో? ఖాతే క్యా?” అంది పద్మ. నీ పని పోతే తినేదేమిటని. అంత చిన్నపిల్ల ఆ ఒక్క నిమిషంలో అంత లెక్క ఎలా వేసిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. లెక్క సరిగ్గానే వేసింది. తల్లి పని నిలిచింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పైడమ్మకి ఆ సామెత చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తనే ఒకరోజు కుళాయి దగ్గర అంది. “బొట్టు ఎట్టనందుకు మనిషి పోయినాడు. ఎడితే గుంట బతుకు పోయినాది. మరి దేవుడికి ఏటి సెయ్యాలో సెప్పు జానకమ్మా.”

పద్మ కొన్నాళ్ళు తిరిగింది. జిరాక్స్ కొట్టులో అడిగింది, ఎస్టీడీ బూతులో అడిగింది. ఎక్కడికి వెళ్ళినా సర్టిఫికెట్ అడిగారు. గోవింద్‌పూర్ ఆఫీసులో ఎవరో అమ్మాయి చేరిపోయిందని తెలిసింది. ఎండలు ముదిరాక ఒక పొద్దున్న ఆ పిల్ల తల్లి పాత టైరు చెప్పులు బయటికి తీసి, తాడు బిగించి, రేజాల గుంపుతో యార్డుకి వెళ్ళిపోయింది.

పైడమ్మ గుమ్మానికి అడ్డం పడింది. “నానెల్తాను. నాకలవాటే. నువ్వు ఎల్లి ఆ గదులూడు” అంది. పద్మ తల్లి మోకాళ్ళ వైపు చూసి, పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి తల్లి ఫ్యాను కింద, కూతురు ఎండలో. పైడమ్మ సెంటరు పని మానేస్తానంది, ఆ గది చూడలేనంది. మానేసి ఏం చేస్తుంది? ఇంటికి ఇద్దరి కూలీ కావాలి. సాయంత్రాలు వెళ్ళి ఎప్పటిలాగే మెషీన్లని పడుకోబెట్టి వచ్చేది. మూలది ఇప్పుడు ఒక్క నొక్కుకే ఆగిపోతోందట. కొత్త మీట టక్కుమన్నప్పుడల్లా తన గుండెలో ఏదో విరిగినట్టు ఉంటుందని చెప్పింది. మెషీన్లని పడుకోబెట్టి వచ్చానన్న మాట మాత్రం మళ్ళీ ఎప్పుడూ నాతో అనలేదు.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. విశ్వకర్మ పూజ రోజు సాయంత్రం నేను గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతున్నాను. పైడమ్మ సెంటరు నుంచి పెందలాడే వచ్చి వంట చేసింది. సందు చివర నుంచి పద్మ నడిచి వస్తోంది. తట్ట బోర్లించి చంకన పెట్టుకుంది, మొహమంతా బూడిద, నుదుట అడ్డంగా సిందూరం. ఎండకి మనిషి నల్లబడింది. నడక అచ్చం తల్లి నడకే.

గుమ్మం ముందు తట్ట దించి, బూందీ పొట్లం తల్లి చేతిలో పెట్టింది. గోళ్ళ నిండా ఎర్రటి నూనె.

“అమ్మా, కూడెట్టే. ఆకలేత్తంది” అంది. “ఇయ్యాల క్రేను లివరుకి నానే ఎట్టినాను బొట్టు. అక్కడందరూ ఎడతారు, ఎవులూ ఏటీ అనరు.”

పొట్లం పైడమ్మ చేతిలోంచి జారి పడింది. బూందీ అంతా మట్టిలో దొర్లింది. ఆ పిల్ల నోట తెలుగు మాట నేను వినడం అదే మొదటిసారి. తట్ట మోసేచోట నేర్చుకుందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. పైడమ్మ కూతురి రెండు చేతులూ పట్టుకుని, తన పమిటతో ఆ గోళ్ళని గట్టిగా తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే ఏడ్చింది.

“ఇందీలో సెప్పవే” అని బతిమాలింది. “ఆ మాట ఇందీలో సెప్పవే అమ్మా, నీ కాళ్ళట్టుకుంతాను.”

పద్మ చేతులు విడిపించుకుని, బూందీలో మట్టి అంటనిది ఏరుకుని, లోపలికి వెళ్ళి కంచం పెట్టుకుంది.